గురక, స్లీప్ ఆప్నియాలకు నోటి పరికరం: ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి

ఈ వ్యాసం చదివే ముందు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. వెల్లకిలా పడుకుని, కింది దవడను వెనక్కి జారవిడిచి, గురక శబ్దం చేయండి, సులువుగానే వస్తుంది. ఇప్పుడు కింది పళ్లు పై పళ్లను దాటేలా దవడను ముందుకు చాచి, అదే శబ్దం మళ్లీ చేయడానికి ప్రయత్నించండి. చాలామందికి శబ్దం రాదు, వచ్చినా బాగా తగ్గిపోతుంది. నాలుకను ముందుకు లాగే ప్రధాన కండరం గడ్డం ఎముక లోపలి వైపున అతుక్కుని ఉంటుంది కాబట్టి, దవడ ముందుకు జరిగితే నాలుక కూడా దానితోపాటే వస్తుంది, గొంతు వెనుక గాలి దారి తెరుచుకుంటుంది. నిద్రపోయాక ఈ దవడను అక్కడే నిలిపి ఉంచడమే నోటి పరికరం చేసే పని. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే ఫ్రాన్సుకు చెందిన పియర్ రోబిన్ అనే దంతవైద్యుడు, కింది దవడ చిన్నదిగా ఉండి నాలుక వెనక్కి పడి ఊపిరాడక బాధపడే పిల్లల కోసం ఇదే సూత్రాన్ని వాడారు.

సూత్రం ఇంత సులువుగా ఉండటమే ఒక ప్రమాదం కూడా. గురక తగ్గితే జబ్బు తగ్గినట్టేనని చాలామంది అనుకుంటారు. ఇరుకైన దారిలో గాలి ఒరుసుకుంటూ వెళ్లినప్పుడు వచ్చే చప్పుడు గురక. ఆ దారి మూసుకుపోయి కనీసం 10 సెకన్లపాటు శ్వాస ఆగిపోవడం ఆప్నియా. చప్పుడు తగ్గినా శ్వాస ఆగుతూనే ఉండవచ్చు. అందుకే ఈ పద్ధతిలో పరికరానికి ముందు ఒకసారి, పరికరం కుదిరాక మరోసారి కొలత తీసుకోవడమే అన్నిటికన్నా ముఖ్యమైన పని.

1. ముందుగా రాత్రిని గమనించండి

మీ నిద్ర గురించి మీకన్నా ఎక్కువగా తెలిసినవారు అదే గదిలో పడుకునేవారు. గురక పెడుతూ పెడుతూ మధ్యలో నిశ్శబ్దం అయిపోయి, ఆ తరువాత ఉక్కిరిబిక్కిరైనట్టు పెద్దగా గాలి పీల్చుకుంటున్నారేమో వారిని అడగండి. ఒంటరిగా ఉండేవారు తలగడ పక్కన ఫోనులో రెండు మూడు రాత్రులు శబ్దం రికార్డు చేసుకోవచ్చు. ఉదయం తలనొప్పి, నోరు పిడచకట్టుకుపోవడం, రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం, మందులు వాడుతున్నా రక్తపోటు అదుపులోకి రాకపోవడం కూడా రాసిపెట్టుకోవలసిన విషయాలే.

వైద్యులు వాడే స్టాప్‌బ్యాంగ్ ప్రశ్నావళిని మీరు ఇంట్లోనే నింపుకోవచ్చు. పెద్దగా గురక, పగటి అలసట, శ్వాస ఆగడం ఎవరైనా చూడటం, రక్తపోటు, స్థూలకాయం, 50 దాటిన వయసు, 40 సెంటీమీటర్లకు మించిన మెడ చుట్టుకొలత, పురుషుడు కావడం అనే ఎనిమిదింటిలో ఎన్నిటికి అవునని సమాధానం వస్తే అన్ని మార్కులు. మూడు నాలుగు వస్తే మధ్యస్థమైన అనుమానం, ఐదు గాని అంతకు మించి గాని వస్తే బలమైన అనుమానం అని అర్థం. ఆ ప్రశ్నావళిలో స్థూలకాయానికి పెట్టిన బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు సూచిక) హద్దు 35. అయితే మన దేశంలో అంత బరువు లేనివారికీ ఆప్నియా వస్తుంది కాబట్టి, సన్నగా ఉన్నాను గనుక నాకు రాదన్న ధీమా పనికిరాదు. పగటి మగతను కొలిచే ఎప్‌వర్త్ స్కేలులో 24కు 10 దాటితే అది మామూలు అలసట కాదు. లారీ, బస్సు, ఆటో నడిపేవారు స్టీరింగు దగ్గర ఒక్కసారి కునుకు తీసినా మిగతా లెక్కల కోసం ఆగకుండా వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

2. స్లీప్ స్టడీ చేయించుకోండి, నివేదికను చదవడం నేర్చుకోండి

నోటి పరికరం చేసేది దంతవైద్యులు. ఆప్నియా ఉందో లేదో తేల్చేది మాత్రం నిద్ర సమస్యలు చూసే వైద్యుడు, అంటే చాలా ఊళ్లలో ఊపిరితిత్తుల వైద్యుడో ఈఎన్‌టీ వైద్యుడో. పళ్ల ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసి మీకు ఆప్నియా ఉందని ఎవరైనా చెబితే, అది అనుమానమే తప్ప నిర్ధారణ కాదు.

నిద్రలో శ్వాస ఎలా ఉందో కొలిచే పరీక్షే స్లీప్ స్టడీ. ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకుని చేయించుకునే పరీక్షలో మెదడు తరంగాలతో సహా అన్నీ నమోదవుతాయి. ఇంటికి ఇచ్చి పంపే చిన్న పరికరంలో శ్వాస, ఆక్సిజన్, నాడి వంటివి నమోదవుతాయి. ఇంటి పరీక్ష సాధారణంగా మీరు నిద్రపోయిన గంటలను కాకుండా యంత్రం నడిచిన గంటలను లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి, సగం రాత్రి మెలకువగా గడిపినవారికి జబ్బు ఉన్నదానికన్నా తక్కువగా కనిపించవచ్చు. ఫలితం బాగుందన్నా లక్షణాలు అలాగే ఉంటే ఆసుపత్రి పరీక్ష అడగండి.

నివేదికలో మొదట చూడవలసింది ఏహెచ్‌ఐ అనే అంకె. గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగిందో, లేదా బాగా తగ్గిందో అది చెబుతుంది. ఏడు గంటల నిద్రలో 140 సార్లు అలా జరిగితే ఏహెచ్‌ఐ 20. పెద్దవారిలో 5 నుంచి 15 వరకు స్వల్పం, 15 నుంచి 30 వరకు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. దాని పక్కనే ఆక్సిజన్ ఎంత కనిష్ఠానికి పడిపోయిందో, వెల్లకిలా పడుకున్నప్పటి ఏహెచ్‌ఐ, పక్కకు తిరిగి పడుకున్నప్పటి ఏహెచ్‌ఐ కూడా ఉంటాయి. వెల్లకిలా ఉన్నప్పుడే ఎక్కువగా వస్తుంటే అది మీకు ఒక విధంగా శుభవార్తే, ఎందుకంటే అలాంటివారికి నోటి పరికరం బాగా పనిచేసే అవకాశం ఎక్కువ. నివేదిక ప్రతిని భద్రంగా దాచుకోండి. తరువాత పోల్చుకోవడానికి అదే ఆధారం.

3. ఈ పరికరం మీకు తగునో లేదో తేల్చుకోండి

ముక్కుకు మాస్కు తగిలించి గాలి ఒత్తిడితో దారి తెరిచి ఉంచే సీపాప్ యంత్రాన్ని 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సల్లివాన్ బృందం వెలుగులోకి తెచ్చింది. శ్వాస ఆగడాలను తగ్గించడంలో నోటి పరికరం దానికి సాటిరాదు. అయితే సీపాప్‌ను రోజూ నాలుగు గంటలు కూడా పెట్టుకోలేక అటక మీద పెట్టేసినవారు ఎందరో ఉన్నారు. మెరుగైన యంత్రాన్ని అప్పుడప్పుడు వాడటం కన్నా కాస్త తక్కువదాన్ని ప్రతి రాత్రీ వాడటం వల్ల ఎక్కువ మేలు జరగవచ్చు. అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం, దంత నిద్ర వైద్యుల సంఘం కలిసి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు, సీపాప్‌ను తట్టుకోలేనివారికీ, వేరే చికిత్స కోరుకునేవారికీ నోటి పరికరం ఇవ్వవచ్చని చెప్పాయి. నా అభిప్రాయంలో ఏహెచ్‌ఐ 30 దాటినవారు, ఆక్సిజన్ బాగా పడిపోతున్నవారు ముందు సీపాప్‌ను మనస్ఫూర్తిగా ప్రయత్నించి, అది కుదరకపోతేనే ఇటు రావాలి. మెదడు నుంచి సంకేతాలు సరిగా అందకపోవడం వల్ల శ్వాస ఆగే మరో రకం ఆప్నియాకు దవడను ముందుకు జరపడం వల్ల ప్రయోజనం లేదు.

ఇక నోటి సంగతి. పరికరం పళ్లను పట్టుకునే నిలబడుతుంది కాబట్టి పై వరుసలోనూ, కింది వరుసలోనూ ఎనిమిది నుంచి పది చొప్పున గట్టి పళ్లు ఉండాలి, చిగుళ్ల జబ్బుతో అవి కదులుతూ ఉండకూడదు. దవడను మీరు స్వయంగా కనీసం ఐదారు మిల్లీమీటర్లు ముందుకు చాచగలగాలి. చెవి ముందున్న దవడ కీలులో నొప్పి, నోరు తెరిచినప్పుడు పట్టేయడం వంటివి ఉంటే ముందుగానే చెప్పాలి. మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడతాయేమో చూసుకోండి. గుట్కా, వక్క అలవాటున్న కొందరిలో బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయి నోరు సరిగా తెరుచుకోదు. అలాంటి నోట్లో అచ్చు తీయడమే కష్టం, పైగా ఆ బిగుసుకుపోవడం క్యాన్సర్‌కు దారితీయగల జబ్బు కనుక ముందు దానికి వైద్యం జరగాలి. పళ్లన్నీ పోయి కట్టుడు పళ్లు వాడేవారికి ఈ పరికరం నిలవదు. వారి కోసం నాలుకనే చప్పరింపుతో ముందుకు పట్టి ఉంచే వేరే రకం ఉంది.

4. పళ్లను సిద్ధం చేసుకోండి

పిప్పి పళ్లు నింపించుకోవడం, పళ్లు శుభ్రం చేయించుకోవడం, క్యాపులు వేయించుకోవడం, జ్ఞానదంతం తీయించుకోవడం లాంటివేవైనా ఉంటే అచ్చు ఇవ్వకముందే పూర్తిచేయించుకోవాలి. పరికరం చేసిన తరువాత ఒక్క క్యాపు మార్చినా అది సరిగా కూర్చోకపోవచ్చు, అప్పుడు ఖర్చంతా మళ్లీ పెట్టుకోవాలి. ముక్కు దూలం వంకర, ఎలర్జీ వల్ల ముక్కు ఎప్పుడూ మూసుకుపోతుంటే ఈఎన్‌టీ వైద్యునికి చూపించుకోండి. ముక్కుతో ఊపిరి ఆడనివారు నోట్లో ఇంత సామగ్రి పెట్టుకుని నిద్రపోవడం కష్టం.

దంతవైద్యుణ్ణి ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఆప్నియాకు ఇలాంటి పరికరాలు ఇంతకుముందు చేశారా, కొద్దికొద్దిగా ముందుకు జరుపుకునే వీలున్న రకమే ఇస్తారా, పరికరం కుదిరాక మళ్లీ స్లీప్ స్టడీకి పంపిస్తారా? మూడో ప్రశ్నకు అక్కర్లేదని సమాధానం వస్తే వేరేచోట చూసుకోవడం మంచిది. పళ్లు, దవడల అమరిక చూసే ఆర్థోడాంటిస్టులు ప్రైవేటులోనే కాక హైదరాబాద్, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలల్లోనూ ఉంటారు కనుక, ఖర్చుకు వెనకాడేవారు అక్కడ విచారించవచ్చు.

5. అచ్చు, కొలత, పరికరం రకం

దంతవైద్యుడు మీ పై, కింది పళ్ల అచ్చులు తీసుకుంటారు లేదా చిన్న కెమెరాతో స్కాన్ చేస్తారు. ఆ తరువాత దవడ పూర్తిగా వెనక ఉన్న చోటు నుంచి ఎంత ముందుకు రాగలదో కొలుస్తారు. ఈ కొలతకు చాలాచోట్ల వాడే జార్జ్ గేజ్ అనే స్కేలును రూపొందించిన పీటర్ జార్జ్, హవాయిలో పళ్ల వైద్యుడు. 1952 ఒలింపిక్స్‌లో వెయిట్ లిఫ్టింగ్‌లో బంగారు పతకం గెలిచిన వ్యక్తి కూడా ఆయనే. మీ దవడ మొత్తం 10 మిల్లీమీటర్లు జరగగలిగితే సాధారణంగా 5 నుంచి 7 మిల్లీమీటర్ల మధ్య మొదలుపెడతారు. మొదటి రోజే చివరిదాకా లాగితే గురక వెంటనే ఆగుతుందేమో గాని కీలు నొప్పితో వారంలోనే పరికరం డబ్బాలోకి వెళ్తుంది.

వేడినీళ్లలో మెత్తబరచి పళ్లతో కొరికి అచ్చు తీసుకునే రెడీమేడ్ రకాలు ఇంటర్నెట్‌లో చవకగా దొరుకుతాయి. మా నాన్నగారికి మొదట కొన్నది అలాంటిదే. గురక తగ్గింది, అమ్మకు నిద్ర పట్టింది, ఇంటిల్లిపాదీ సంతోషించాము. కానీ ఆయన ఉదయం తలనొప్పి, మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని తూగడం అలాగే ఉండిపోయాయి. ఎనిమిది నెలల తరువాత దాన్ని పెట్టుకునే పరీక్ష చేయిస్తే, శ్వాస ఆగడాల సంఖ్య దాదాపు మారనే లేదని తేలింది. చప్పుడు మాత్రమే పోయి జబ్బు మిగిలిపోయిన ఆ ఎనిమిది నెలలూ నన్ను ఇప్పటికీ బాధిస్తాయి. రెడీమేడ్‌వి పళ్లను గట్టిగా పట్టుకోవు, నిద్రలో జారిపోతాయి, వాటిలో చాలావాటిని కొద్దికొద్దిగా జరుపుకునే వీలుండదు. నిర్ధారణ అయిన ఆప్నియాకు వాటిని నమ్ముకోవద్దు.

6. మొదటి వారాలు

మొదటి రెండు మూడు రోజులు సాయంత్రం టీవీ చూస్తూనో చదువుకుంటూనో ఒక గంట పెట్టుకుని నోటికి అలవాటు చేయండి, ఆ తరువాత రాత్రంతా ఉంచుకోండి. మొదట్లో నోట్లో నీళ్లు ఊరి తలగడ తడుస్తుంది. కొందరికి దానికి విరుద్ధంగా నోరు ఎండిపోతుంది. ఉదయం లేవగానే పళ్లు కొద్దిగా నొప్పిగా, దవడ అలసినట్టుగా ఉంటుంది. ఇవన్నీ సాధారణంగా కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. పరికరం ఒక్క పన్నునే నొక్కుతున్నట్టు ఉంటే ఓర్చుకోకుండా వెళ్లి ఆ చోటు అరగదీయించుకోండి.

నోటికి అలవాటయ్యాక ముందుకు జరపడం మొదలవుతుంది. మర ఉన్న రకాల్లో వైద్యుడు చూపిన చిన్న తాళంతో ఒకసారి తిప్పితే పావు మిల్లీమీటరో, అర మిల్లీమీటరో జరుగుతుంది. వైద్యుడు చెప్పిన వ్యవధిలో, సాధారణంగా కొన్ని రోజులకో వారానికో ఒకసారి జరుపుతూ పోవాలి. ప్రతిసారీ తేదీ, ఎన్ని తిప్పులు తిప్పారు, గురక ఎలా ఉంది, పొద్దున ఎలా అనిపించింది అన్నవి ఒక నోటుబుక్కులో రాసుకోండి. నొప్పి మూడు నాలుగు రోజులకు కూడా తగ్గకపోతే ఒక తిప్పు వెనక్కి తీసుకుని ఆగండి. దవడను ఎంత ముందుకు తెస్తే అంత మంచిదన్నది నిజం కాదు. లక్షణాలు తగ్గిన చోట ఆగడమే సరైన పద్ధతి, అక్కడికి చేరడానికి రెండు మూడు నెలలు పట్టినా తొందరపడవద్దు.

రాత్రి మద్యం, వైద్యుడు చెప్పకుండా వేసుకునే నిద్రమాత్రలు గొంతు కండరాలను మరింత సడలిస్తాయి, అవి ఉండగా పరికరం చేయగలిగింది తగ్గిపోతుంది. పక్కకు తిరిగి పడుకునే అలవాటు దీనికి తోడ్పడుతుంది. బరువు తగ్గడం విలువ కూడా తక్కువేమీ కాదు: అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఏళ్లపాటు సాగి 2000లో ప్రచురితమైన అధ్యయనంలో, బరువు 10 శాతం తగ్గితే ఏహెచ్‌ఐ సుమారు 26 శాతం తగ్గుతుందని తేలింది.

7. ప్రతి ఉదయం చేయవలసిన పని

రాత్రంతా ముందుకు నిలిచిన దవడ లేవగానే తన చోటికి రాదు; వెనక పళ్లు కలవనట్టు అనిపిస్తుంది. దంతవైద్యుడు దీనికోసం ఒక చిన్న కొరుకుడు అచ్చు ఇస్తారు. దాన్ని పెట్టుకుని పదిహేను ఇరవై నిమిషాలు మెల్లగా కొరుకుతూ, పళ్లు మామూలుగా కలిసేదాకా ఉండాలి. ఈ పని మానేసేవారే ఎక్కువ, ఏళ్లు గడిచాక పళ్ల కలయిక మారిపోయిందని వచ్చేవారిలోనూ వారే ఎక్కువగా ఉంటారని నా అనుమానం. ఆ అచ్చు వాడినా దీర్ఘకాలంలో పై ముందు పళ్లు కాస్త లోపలికి, కింది ముందు పళ్లు కాస్త బయటికి వంగడం చాలామందిలో జరుగుతుంది. అందుకే మొదటి ఏడాది ఆరు నెలలకోసారి, ఆ తరువాత ఏడాదికోసారి చూపించుకోవడం తప్పనిసరి.

పరికరాన్ని చల్లని నీటితో, మెత్తని బ్రష్షుతో, కొద్దిగా సబ్బు వేసి తోమి ఆరబెట్టండి. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది, వేడినీళ్లు ఆకారం చెడగొడతాయి. మన ఎండాకాలంలో కారు డాష్‌బోర్డు మీద వదిలేసిన పరికరం వంకరపోవడానికి ఒక్క మధ్యాహ్నం చాలు. కుక్కలున్న ఇళ్లలో డబ్బా మూత బిగించడం మరవకండి, లాలాజలం వాసనకు అవి దాన్ని నమిలేస్తాయి.

8. పరికరం పెట్టుకుని మళ్లీ పరీక్ష

మీకు హాయిగా ఉంది, గురక లేదు, ఇంట్లోవాళ్లు కూడా బాగుందంటున్నారు. సరిగ్గా అప్పుడే, పరికరం నోట్లో ఉంచుకుని స్లీప్ స్టడీ చేయించుకోండి. ఏహెచ్‌ఐ 5కు లోపు వస్తే చాలా మంచిది. 22 నుంచి 9కి వచ్చి లక్షణాలు కూడా పోయాయనుకోండి, దాంతో సరిపెట్టుకోవాలా, ఇంకొంచెం జరపాలా అన్నది ఇద్దరు వైద్యులూ కలిసి చెప్పాలి. సగానికి కూడా తగ్గకపోతే పరికరం చాలడం లేదని ఒప్పుకుని సీపాప్‌కు తిరిగి వెళ్లడమో, రెండూ కలిపి వాడటమో, కొందరిలో రెండు దవడలనూ ముందుకు తెచ్చే శస్త్రచికిత్స గురించి ఆలోచించడమో చేయాలి.

పిల్లల విషయంలో

పిల్లలు రోజూ గురక పెట్టడం ముచ్చట పడవలసిన విషయం కాదు. నోరు తెరిచి నిద్రపోవడం, మెడ వెనక్కి విరిచి పడుకోవడం, పెద్దయ్యాక కూడా పక్క తడపడం, బడిలో కుదురు లేకపోవడం కలిసి కనిపిస్తే ముందు ఈఎన్‌టీ వైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి. పిల్లల్లో గంటకు ఒకటి దాటినా ఎక్కువకిందే లెక్క, చాలామందిలో దానికి మూలం వాచిన టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్సే.

అంగిలి ఇరుకుగా, ఎత్తుగా ఉండి, పై పళ్లు కింది పళ్లకు లోపలగా కలుస్తున్న పిల్లలకు ఆర్థోడాంటిస్టు ఎక్స్‌పాండర్ పెడతారు. అంగిలి మధ్యలో ఉన్న అతుకు యుక్తవయసు దాకా గట్టిపడదు గనుక, అక్కడ ఉంచిన మరను తిప్పితే పై దవడ రెండు సగాలుగా విడివడి వెడల్పవుతుంది. 1860లోనే అమెరికాలో ఎమర్సన్ ఏంజెల్ అనే దంతవైద్యుడు ఈ పద్ధతిని వివరించారు. నోటికి పైకప్పయిన అంగిలే ముక్కుకు నేల కాబట్టి ముక్కు దారి కూడా కొంత విశాలమవుతుంది. తాళంతో ఒక తిప్పుకు పావు మిల్లీమీటరు చొప్పున రోజుకు ఒకటో రెండో, వైద్యుడు చెప్పినన్ని మాత్రమే తిప్పాలి. కొన్ని రోజుల్లో పై ముందు పళ్ల మధ్య సందు కనిపిస్తే భయపడకండి, అతుకు విడిందనడానికి అది గుర్తు. ఆ సందు తరువాత తనంతట తానే చాలావరకు పూడుతుంది. వెడల్పు చేశాక కొత్త ఎముక గట్టిపడేందుకు మరో మూడు నుంచి ఆరు నెలలు పరికరం అలాగే ఉండాలి.

అయితే అంగిలి ఇరుకు లేని పిల్లలకు కూడా భవిష్యత్తులో ఆప్నియా రాకుండా ఇప్పుడే వెడల్పు చేయిద్దామని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం 2019లో వెలువరించిన పత్రం ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పింది. క్లిప్పుల కోసం నాలుగు పళ్లు తీయిస్తే ఆప్నియా వస్తుందన్న ప్రచారానికీ ఆధారం లేదని అదే పత్రం చెప్పింది, కాబట్టి గతంలో అలా తీయించుకున్నవారు దిగులు పడనవసరం లేదు.

క్లిప్పులు వేయించుకుంటున్న పెద్దవారు ఆప్నియా సంగతి మొదటి రోజే చెప్పాలి. పళ్లు కదులుతున్నంత కాలం గట్టి పరికరం పట్టదు కనుక అప్పటివరకు సీపాప్ వాడవలసి రావచ్చు.

పరికరం శాశ్వతం కాదు. కొన్నేళ్లకు అరుగుతుంది, వదులవుతుంది. గురక మళ్లీ వినిపించినా, బరువు బాగా పెరిగినా, కొత్త క్యాపు వేయించుకున్నా చూపించుకోండి. ఏదైనా ఆపరేషన్‌కు వెళ్తున్నప్పుడు మీకు ఆప్నియా ఉందని మత్తు వైద్యునికి తప్పక చెప్పి, పరికరాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లండి. కొత్తది చేయించుకునే రోజున మీ తిప్పుల నోటుబుక్కునూ, రెండు స్లీప్ స్టడీ నివేదికలనూ వెంట పట్టుకెళ్తే, దవడ ఏ మిల్లీమీటరు దగ్గర మీకు కుదిరిందో దంతవైద్యుడు మళ్లీ మొదటి నుంచి వెతకనక్కర్లేదు.